పసిపిల్లలకు ఇంట్లో చదువు: ఏం నేర్పాలి? దేనితో నేర్పాలి?

(స్త్రీల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)



ఈమధ్య నన్ను చాలామంది ఒక ప్రశ్న అడుగుతున్నారు. "ఏమండీ, మా బాబుకి మూడేళ్లు నిండాయి. ఇప్పుడే నర్సరీలో వెయ్యమంటారా, ఇంట్లోనే వుంచుకుని నేనే చెప్పుకోమంటారా? చెప్పుకుంటే ఏ పుస్తకాలు కొనాలి?" అని. విజయవాడ అపార్టుమెంట్లలో వుంటున్న అమ్మాయిలూ అడుగుతున్నారు, మా మైలవరంలో అద్దెవాటాల్లో కాపురాలు పెట్టిన చిన్న కోడళ్లూ అడుగుతున్నారు. కొందరికి ఐదేళ్లు నిండేవరకు బిడ్డను బడికి పంపడం ఇష్టం లేదు. కొందరు ఇంకా ముందుకు వెళ్లి, ఒకటి రెండు తరగతులు కూడా ఇంట్లోనే చెప్పుకుందామనుకుంటున్నారు. మరికొందరు బడికి పంపుతూనే సాయంత్రం గంటసేపు ఇంట్లో ఏదైనా మంచి పద్ధతిలో చెప్పాలనుకుంటున్నారు. ముగ్గురికీ పనికివచ్చే నాలుగు మాటలు ఇవాళ చెప్పుకుందాం.

ముందుగా ఒక సంగతి. ఇంట్లో చదువు చెప్పడం మనకు కొత్త కాదు. బియ్యంలో అక్షరాలు దిద్దించి, ఇసుకలో వేలితో రాయించి, శతక పద్యాలు నోటికి చెప్పించి పిల్లల్ని తయారుచేసిన తాతలూ నాయనమ్మలూ మన ఇళ్లలోనే వుండేవారు. పంతొమ్మిదో శతాబ్దంలో పుట్టిన పెద్దబాలశిక్ష ఎన్నో ఇళ్లకు ఏకైక పాఠ్యపుస్తకం. అక్షరాలు, అంకెలు, నెలలు, తిథులు, నీతివాక్యాలు అన్నీ అందులోనే. అయితే ఆ రోజులన్నీ బంగారు రోజులని నేను అనను. ఆ ఇళ్లలోనే ఆడపిల్లల పలక అటకెక్కిన సందర్భాలు బోలెడు. దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గారు మద్రాసులో బెనారసు మెట్రిక్ పరీక్షకు ఆడపిల్లలను కూర్చోబెట్టి చదివించడంతో మొదలై, 1937లో ఆంధ్ర మహిళాసభ ఏర్పడిందంటే, బడికి వెళ్లలేకపోయిన ఆడవాళ్లు ఎంతమంది వుండేవారో చూడండి. కాబట్టి ఇంట్లో చదువు అనేది బడి లేని లోటు తీర్చుకునే దారీ అయింది, బడికి పంపకుండా వుండడానికి సాకూ అయింది. మనం ఏ కారణంతో మొదలుపెడుతున్నామో ముందు మన మనస్సును మనమే అడిగి చూసుకోవాలి. ఫీజు మిగులుతుందని మొదలుపెట్టి, ఆపైన బిడ్డకు ఏమీ చెప్పకుండా వదిలేస్తే అది చదువు కాదు.

చట్టం ఏమంటుంది?

"ఇంట్లో వుంచుకుంటే ఎవరైనా కేసు పెడతారా?" అని ఒకావిడ భయంగా అడిగింది. 2009లో వచ్చిన బాలల విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. అది ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల వరకు వున్న పిల్లలకు సంబంధించింది. ఆరేళ్లలోపు బిడ్డను బడిలో వెయ్యాలన్న నిర్బంధం అందులో లేదు. ఆరేళ్లు దాటాక బిడ్డను దగ్గరలోని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల విధి అని పదో సెక్షన్ చెబుతుంది గాని, చేర్పించకపోతే వాళ్లకు శిక్ష ఏదీ రాయలేదు. ఇంటి చదువు అనే మాటను చట్టం పేరుపెట్టి ఒప్పుకోనూ లేదు, వద్దననూ లేదు. అంచేత మూడు నుంచి ఆరేళ్ల మధ్య మీరు నిశ్చింతగా వుండవచ్చు. ఆ తర్వాత కూడా ఇంట్లోనే అనుకుంటే, తిరిగి బడిలో చేర్చే దారి మూసుకుపోకుండా చూసుకోవాలి. అదెలాగో చివర్లో చెబుతాను.

పుస్తకం కంటే ముందు పట్టిక

మనలో చాలామంది చేసేదేమిటంటే, ముందు పుస్తకాలు కొంటారు, తర్వాత పిల్లవాడిని దానికి సరిపెట్టాలని చూస్తారు. జాకెట్టు కుట్టేటప్పుడు ముందు కొలతలు తీసుకుంటాం కదా! చదువుకూ అంతే. ఈ వయస్సుకు ఏం రావాలో ముందు తెలుసుకుంటే, ఏం కొనాలో, ఏం కొననక్కరలేదో దానంతటదే తెలుస్తుంది.

మూడు నుంచి నాలుగేళ్ల మధ్య: మాట స్పష్టంగా పలకడం, చిన్న కథ కుదురుగా కూర్చుని వినడం, పాట నేర్చుకోవడం, తన చొక్కా గుండీలు తానే పెట్టుకోవడం, తన కంచంలో తానే తినడం, రంగులు, పెద్దదీ చిన్నదీ పోల్చడం. అక్షరాలు అక్కరలేదు.

నాలుగు నుంచి ఐదేళ్లు: విన్న కథను తన మాటల్లో తిరిగి చెప్పడం, ఒకే శబ్దంతో మొదలయ్యే మాటలు పోల్చుకోవడం, పది వరకు వస్తువులు లెక్కపెట్టడం, ముగ్గు చుక్కలు కలపడం, మట్టి పిసకడం, కత్తెరతో కాగితం కత్తిరించడం. ఈ చేతిపనులన్నీ రాయడానికి వేళ్లను సిద్ధం చేసేవే.

ఐదు నుంచి ఆరేళ్లు: అక్షరాలు, చిన్న చిన్న మాటలు చదవడం, తన పేరు రాయడం, ఇరవై వరకు లెక్క, కలపడం తీసెయ్యడం వస్తువులతో.

ఆరు నుంచి ఎనిమిదేళ్లు: గుణింతాలు, వొత్తులు, నాలుగు వాక్యాలు చదివి అర్థం చెప్పడం, రెండు వాక్యాలు సొంతంగా రాయడం, వంద వరకు అంకెలు, కూడికలు తీసివేతలు, గడియారం, డబ్బు లెక్క.

ఇదంతా నా సొంత కవిత్వం కాదు. 2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వరకు వున్న వయస్సును ఒకే దశగా, పునాది దశగా లెక్కకట్టింది. 2022లో ఆ దశకు విడుదల చేసిన పాఠ్యప్రణాళికలో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు నిర్ణీత పాఠ్యపుస్తకాలే వుండకూడదని స్పష్టంగా రాశారు. ఆట, పాట, కథ, బొమ్మ, ఇంటి భాష – ఇవే ఆ వయస్సు పాఠ్యపుస్తకాలు. 2023 ఫిబ్రవరిలో కేంద్రం 'జాదూయీ పిటారా' అనే పేరుతో ఒక పెట్టెను విడుదల చేసింది. అందులో వున్నవి ఏమిటనుకున్నారు? బొమ్మలు, కథల కార్డులు, తోలుబొమ్మల్లాంటి చేతిబొమ్మలు, పజిళ్లు, పోస్టర్లు. అంటే మన అమ్మమ్మ మంచం కింద పెట్టెలో వుండేవే!

ఇన్ని వున్నా, మూడున్నరేళ్ల పిల్లచేత రోజుకు నాలుగు పేజీలు రాయిస్తున్న చోట్లు ఇంకా వున్నాయి. మా వీధిలో ఒక పిల్ల సాయంత్రం ఇంటికి రాగానే పుస్తకాల సంచీని మంచం కిందికి తన్నేసేది. రాత్రి అన్నం కలిపిపెడుతుంటే వేళ్లు నొప్పి అని ఏడ్చేది. అక్షరమంటే ఆ వయస్సులోనే అసహ్యం పుడితే, తర్వాత ఎన్నేళ్లు బుజ్జగించినా ఆ భయం వదలడం కష్టం. ఇంట్లో చదువులో పోయేదీ వచ్చేదీ ఇదే. పిల్లలకు ఒక సంవత్సరం అక్షరాలు ఆలస్యంగా వచ్చినా నష్టం లేదు. చదువు మీద ప్రేమ పోతే మాత్రం నష్టమే. ఫిన్లాండు దేశంలో పిల్లలు ఏడో ఏటగాని ఒకటో తరగతిలో చేరరు. అయినా వాళ్లేమీ వెనకబడిపోలేదు.

ఏ పద్ధతి?

ఇప్పుడు సెల్‌ఫోను తెరిస్తే రకరకాల పద్ధతుల పేర్లు వినిపిస్తాయి. వాటిలో ముఖ్యమైనవి చూద్దాం.

మొదటిది మాంటిస్సోరి. ఇటలీ దేశపు వైద్యురాలు మరియా మాంటిస్సోరి 1907లో రోమునగరంలో పేదపిల్లల కోసం మొదటి శిశుగృహం తెరిచింది. 1939లో ఆవిడ మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధం మూలంగా ఏళ్ల తరబడి మన దేశంలోనే వుండిపోయి ఎందరో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. మన విజయవాడలో వేలగపూడి కోటేశ్వరమ్మగారు 1955లో ఆ పేరుతో పిల్లల బడి స్థాపించారు. ఆవిడ సేవకు 2017లో పద్మశ్రీ వచ్చింది. ఈ పద్ధతిలో కీలకం ఒక్కటే: పిల్లవాడు చేత్తో పట్టుకుని, తనంతట తాను చేసి నేర్చుకోవాలి, మనం పక్కన వుండి చూడాలి. కందిపప్పు ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి చెంచాతో పొయ్యడం, బట్టలు మడతపెట్టడం, గరుకు కాగితంతో చేసిన అక్షరం మీద వేలు పోనివ్వడం, ఇవన్నీ మాంటిస్సోరి పాఠాలే. దుకాణంలో ఆ పేరుతో అమ్మే ఖరీదైన చెక్క సామాను లేకపోతే ఆ పద్ధతి రాదనుకోవద్దు.

రెండవది గిజుభాయి బధేకాగారి దారి. ఆయన గుజరాతు వకీలు. కొడుకు పుట్టాక వాడికి ఎలా చదువు చెప్పాలా అని వెతుక్కుంటూ మాంటిస్సోరి పుస్తకాలు చదివి, వకీలు వృత్తి మానేసి, 1920లో భావనగరంలో బాలమందిరం తెరిచారు. ఆయన పుస్తకం 'దివాస్వప్న' తెలుగులో 'పగటి కల' పేరుతో వచ్చింది. తల్లులు తప్పకుండా చదవవలసిన పుస్తకం. కథ చెప్పడంతోనే భాషను, క్రమశిక్షణను, చరిత్రను ఎలా నేర్పవచ్చో అందులో చూస్తాం. మన ఇళ్లకు ఇది చాలా దగ్గర. చలంగారు విద్యాశాఖలో ఇన్‌స్పెక్టరు ఉద్యోగం చేసి, రాసిన 'బిడ్డల శిక్షణ' కూడా చదవండి. అన్నీ ఒప్పుకోనక్కరలేదు. కాని పిల్లల్ని కొట్టకుండా పెంచడం గురించి అంత సూటిగా మాట్లాడినవారు తెలుగులో తక్కువ.

మూడవది పుస్తకాలు, వర్కుషీట్ల పద్ధతి. పేజీ తర్వాత పేజీ. తల్లికి తేలిక, ఏం చెప్పాలో ఆలోచించనక్కరలేదు. ఆరేళ్లు దాటాక కొంతవరకు పనికివస్తుంది. అంతకుముందు మాత్రం దీన్ని ఊరగాయలా నంచుకోవాలి గాని అన్నంలా తినిపించకూడదు.

నాలుగవది ఫోనులోనో టాబ్లెట్టులోనో వచ్చే పాఠాలు. ఐదేళ్లలోపు పిల్లలు కదలకుండా తెర ముందు కూర్చునే సమయం రోజుకు గంట మించరాదని, తగ్గితే మరీ మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. రెండేళ్లలోపు వాళ్లకు అసలు వద్దే వద్దు. ఆ గంటలో కార్టూనులే సగం పోతాయి కనుక పాఠం సంగతి మీరే లెక్క చూసుకోండి.

"మరి వీటిలో ఏది మంచిదండీ?" అంటారా? ఏదో ఒకదానికి పసుపుకుంకుమలు పెట్టి పూజ చెయ్యనక్కరలేదు. మాంటిస్సోరి నుంచి చేతిపని తీసుకోండి, గిజుభాయి నుంచి కథ తీసుకోండి, ఆరో ఏటనుంచి పుస్తకం తీసుకోండి. అన్నంలో పప్పు, కూర, చారు, మజ్జిగ అన్నీ వుంటేనే కదా భోజనం!

ఏదైనా పెట్టె, కోర్సు, పుస్తకాల కట్ట కొనేముందు మాత్రం ఈ నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ఒకటి, ఇందులో పిల్లవాడు ఏం చేస్తాడు? ఊరికే చూస్తాడా, చేత్తో చేస్తాడా? రెండు, రేపు నాకు జ్వరం వచ్చి నాలుగు రోజులు ఆపినా మళ్లీ అందుకోగలమా? మూడు, ఇందులో వున్న వస్తువులు, పండ్లు, జంతువులు మావాడు చూసినవేనా? మంచు మనిషి, స్ట్రాబెర్రీ తప్ప తాటిముంజె, జామకాయ లేని పుస్తకంతో మైలవరం పిల్లవాడు ఏం మాట్లాడతాడు? నాలుగు, ఇందులో సగం వస్తువులు మా వంటింట్లోనే లేవా? ఈ నాలుగింటికీ సరైన జవాబు వస్తేనే డబ్బు తియ్యండి. "ఇవాళ కడితేనే తగ్గింపు" అని ఫోను చేసి తొందరపెట్టేవాళ్లకు, "మావారితో మాట్లాడి చెబుతాను" అని ఫోను పెట్టెయ్యండి. చదువుకు ఇవాళ్టితో గడువు తీరిపోదు.

తెలుగా, ఇంగ్లీషా?

చాలా ఇళ్లలో ఇక్కడే పేచీ. తండ్రి ఇంగ్లీషంటాడు, తాతగారు తెలుగంటారు. నేను చెప్పేది: మొదట తెలుగు గట్టిపడనివ్వండి. పిల్లవాడు దేనితో ఆలోచిస్తాడో దానితోనే చదవడం తొందరగా వస్తుంది. ఒక భాషలో చదవడమంటే ఏమిటో తెలిసినవాడికి రెండవ భాష సులువు. ఇంగ్లీషును ఈలోగా పాటలతో, చిన్న మాటలతో చెవికి అలవాటు చెయ్యండి. మన రాష్ట్రంలో 2020–21 నుంచి ప్రభుత్వ పాఠ్యపుస్తకాలలో ఒక పేజీ తెలుగు, దాని ఎదుటి పేజీ అదే పాఠం ఇంగ్లీషులో వస్తున్నాయి. ఇంట్లో చెప్పుకునే తల్లికి ఇంతకంటే మంచి సాధనం లేదు. తనకు రాని ఇంగ్లీషు మాట ఎదుటి పేజీ చూసి తెలుసుకోవచ్చు. మెట్రిక్‌తో చదువు ఆపేసిన నాబోటివాళ్లకు ఇది కొండంత అండ.

అక్షరాలు చెప్పే తీరు కూడా కొంచెం మార్చుకోవాలి. 'అ' నుంచి 'ఱ' దాకా వరుసగా ఒప్పజెప్పించడం వేరు, చదవడం వేరు. వరుసలో వస్తే ఋ, ౠలు, ఙ, ఞలు ముందే వచ్చేస్తాయి. వాటితో పసివాడు వాడే మాటలెన్ని? దానికి బదులు ఆకారం కలిసే అక్షరాలు జతలుగా చెప్పండి. వ రాస్తే మ వస్తుంది, మ రాస్తే య వస్తుంది. ప వస్తే ష, ఫ వస్తాయి. ద వస్తే ధ, థ వస్తాయి. ప, ల, క మూడూ రాగానే 'పలక' అని చదివేస్తాడు. వల, తల, వడ, పడవ, గడప – గుణింతం ఒక్కటి రాకుండానే ఎన్ని మాటలో! తాను ఒక మాట చదవగలిగానని తెలిసిన రోజు పిల్లవాడి మొహం చూడాలి. తరువాతే దీర్ఘాలు, గుడులు, కొమ్ములు. వొత్తులు చివరికి.

లెక్కలు వంటింట్లో, పెరట్లో

అంకెలు రాయడం లెక్క రావడం కాదు. వంద వరకు గడగడ చెప్పే పిల్లవాడిని "ఏడు గరిటెలు తీసుకురా నాన్నా" అంటే బిక్కమొహం వేస్తాడు. అంచేత లెక్క ఎప్పుడూ వస్తువుతోనే. చింతపిక్కలు, గవ్వలు, చిక్కుడు గింజలు చాలు. మన వామనగుంటల పీట వుందే, రెండు వరుసలు, వరుసకు ఏడేసి, మొత్తం పద్నాలుగు గుంటలు. గుంటకు నాలుగేసి పిక్కలు పోస్తే యాభైయారు. ఒక్కొక్కటిగా పంచుకుంటూ పోతే లెక్కపెట్టడం, ఎక్కువ తక్కువలు, ఆఖరికి భాగాహారం కూడా తెలియకుండానే వస్తాయి. నాలుగు గవ్వలతో అష్టాచెమ్మా ఆడిస్తే చూడగానే ఎన్నో చెప్పే చురుకు వస్తుంది. వైకుంఠపాళితో వంద వరకు అంకెలు కళ్లకు కడతాయి. సంక్రాంతి ముగ్గులో చుక్కలు ఎన్ని వరుసలో ఎన్ని తగ్గుతున్నాయో చెప్పించండి. రైతుబజారుకు వెళ్లినప్పుడు కిలో, అరకిలో, పావుకిలో చేత్తో పట్టుకుని చూడనివ్వండి. ఇంతకంటే మంచి లెక్కల ప్రయోగశాల ఎవరు పెట్టగలరు?

మన ఊరే పాఠ్యపుస్తకం

మైలవరం నుంచి విజయవాడ వెళ్లే దారిలో కొండపల్లి వుంది. పెద్దపెద్ద నగరాలవాళ్లు కొని బీరువాలో పెట్టుకునే బొమ్మలు మనకు గుమ్మం ముందు వున్నట్టే. తేలికైన తెల్లపొణికి చెక్కను చెక్కి, ముక్కలను చింతగింజల జిగురు, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికి, రంగులు వేస్తారు. పిల్లల్ని ఒకసారి బొమ్మల కాలనీకి తీసుకువెళ్లి పని చూపించండి. ఎడ్లబండి, పల్లెపడుచు, దశావతారాలు – ఒక్కొక్క బొమ్మతో ఒక్కొక్క కథ. నాలుగు బొమ్మలు ముందు పెట్టి "ఇప్పుడు నువ్వు చెప్పు" అంటే చాలు, వాడే కథ అల్లుతాడు. మరీ పసివాళ్లు నోట్లో పెట్టుకుంటారు గనుక రంగుబొమ్మలు మూడేళ్లు దాటాకే చేతికివ్వండి. ఒకప్పుడు మైలవరం నాటక సమాజమంటే ఆంధ్రదేశమంతటా పేరు. ఆ ఊరి పిల్లలచేత పాత చీరె తెరకట్టి కుందేలు, సింహం కథ ఆడించలేమా?

భూగోళం కూడా ఇక్కడినుంచే. మా మైలవరం చుట్టుపక్కల కొండల్లో పుట్టిన నీరే బుడమేరై ప్రవహించి కొల్లేరులో కలుస్తుంది. 2024 సెప్టెంబరు మొదట్లో ఆ బుడమేరు పొంగే విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీళ్లలో వుంది. "ఈ నీళ్లు ఎక్కడినుంచి వచ్చాయి?" అని ఏ పిల్లవాడైనా అడిగితే, పెరట్లో మట్టితో కొండ కట్టి, చెంబుతో నీళ్లు పోసి చూపించండి. ఏరు ఎందుకు వంపు తిరుగుతుందో, దారికి అడ్డం కడితే నీరు ఏం చేస్తుందో పుస్తకం లేకుండా తెలుస్తుంది. పెద్దయ్యాక ఏటిగట్టు మీద ఇల్లు కట్టుకునే ముందు ఆలోచిస్తాడు. చదువు ప్రయోజనం అదే కదా!

ఎక్కడ దొరుకుతాయి?

తెలుగు కథలకు కొదవ లేదు. ప్రథమ్ బుక్స్‌వారు 2015లో మొదలుపెట్టిన 'స్టోరీవీవర్'లో బొమ్మల కథలు తెలుగులో ఉచితంగా దొరుకుతాయి. చదివే స్థాయిని బట్టి నాలుగు మెట్లుగా విడదీసి వుంటాయి గనుక ఎంచుకోవడం తేలిక. ఫోనులో మీరు చూసి, పిల్లవాడికి చదివి వినిపించండి. హైదరాబాదు 'మంచి పుస్తకం' వారు పిల్లల పుస్తకాలు తక్కువ ధరలకు వేస్తున్నారు. పనికిరాని వస్తువులతో శాస్త్రం చెప్పే అరవింద్ గుప్తాగారి పుస్తకాలు వెతికి కొనుక్కోండి. అగ్గిపుల్లలు, సైకిలు ట్యూబు ముక్కలతో ఆయన రేఖాగణితమే చెబుతారు. 1947లో పుట్టిన చందమామ ఇప్పుడు రావడం లేదుగాని, పాత సంచికలు ఇంట్లో వుంటే వాటిని తూకానికి వేసెయ్యకండి. ఏడెనిమిదేళ్ల పిల్లలకు అంతకంటే మంచి వాచకం లేదు. విజయవాడలో ఏటా జనవరిలో జరిగే పుస్తక మహోత్సవానికి పిల్లల్ని తీసుకువెళ్లి, తలకొక పుస్తకం వాళ్లచేతనే ఎంచుకోనివ్వండి. ఊళ్లో శాఖా గ్రంథాలయం వుంటే సభ్యత్వం కట్టండి. కొనవలసినవి నిజానికి పలక, బలపాలు, రంగుపెన్సిళ్లు, కత్తెర, జిగురు, తెల్లకాగితాలు, పది కథల పుస్తకాలు. అంతే.

తల్లి సంగతి

ఇంతవరకు పిల్లల సంగతి చెప్పుకున్నాం. మరి తల్లి? ఇంట్లో బడి అంటే ఆరుగంటల బడి కాదు. నాలుగేళ్ల వాడికి పావుగంట చొప్పున రెండుసార్లు కూర్చుని చెప్పేది చాలు. ఆరేడేళ్లకు గంట, గంటన్నర. మిగతాదంతా ఆట, పనిలో సాయం. అయినా వంట, బట్టలు, అత్తగారి మందులు, వీటి మధ్య ఆ గంట కూడా నిలకడగా దొరకడం మాటలు కాదు. అందుకే మొదలుపెట్టేముందే ఇంట్లో పంపకం జరగాలి. రాత్రి కథ నాన్నది, పద్యం తాతగారిది, లెక్కల ఆట నాయనమ్మది, అక్షరం అమ్మది. "నీకు ఖాళీయే కదా, నువ్వే చెప్పుకో" అనే ఇంట్లో మాత్రం ఈ ప్రయత్నం పెట్టుకోకపోవడమే మంచిది. అలసిన తల్లి చేతిలో బలపం బెత్తమవుతుంది. అంతకంటే ఓర్పుగల టీచరున్న చిన్న బడి మేలు.

పిల్లలకు తోటిపిల్లలు కావాలి. ఇంట్లో ఒక్కడే వుంటే పోట్లాడ్డం, రాజీపడడం, వంతుకోసం ఆగడం ఎక్కడ నేర్చుకుంటాడు? వీధిలో నలుగురు తల్లులు కలిసి వారానికి మూడు రోజులు ఒకరింట్లో ఒకరు పిల్లల్ని చేర్చండి. అంగన్‌వాడీ దగ్గరలో వుంటే పంపడానికి మొహమాటపడకండి. పిల్లలకు అక్కడ ఆటా, తోడూ దొరుకుతాయి.

తిరిగి బడికి వెళ్లే దారి

ఒక నోటుబుక్కు పెట్టండి. వారానికొకసారి తేదీ వేసి, పిల్లవాడికి కొత్తగా ఏం వచ్చిందో రెండు వాక్యాలు రాయండి. వాడు గీసిన బొమ్మలు, రాసిన కాగితాలు దాచండి. అది మీకు ధైర్యం, రేపు బడిలో చేర్చేటప్పుడు ఆధారం. ఏటికొకసారి ప్రభుత్వ పాఠ్యపుస్తకం తీసి ఆ తరగతికి వున్నవన్నీ వచ్చాయో లేదో చూసుకోండి. జనన ధ్రువపత్రం, ఆధార్ సిద్ధంగా వుంచుకోండి. విద్యాహక్కు చట్టం ప్రకారం బడికి వెళ్లని పిల్లవాడినైనా వయస్సుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి. ఇంకా కొన్నాళ్లు ఇంట్లోనే చదివించేవారికి జాతీయ సార్వత్రిక విద్యాసంస్థలో ప్రాథమిక దశ పరీక్షలున్నాయి. ఎ, బి, సి అనే ఆ మూడు మెట్లు 3, 5, 8 తరగతులకు సమానం. పద్నాలుగేళ్లు నిండాక అక్కడే పదో తరగతి పరీక్షకూ కూర్చోవచ్చు.

ఇంకొక ముఖ్యమైన సంగతి. మాట సరిగా రాకపోయినా, పిలిస్తే పలకకపోయినా, బొమ్మకూ బొమ్మకూ తేడా కనిపెట్టలేకపోయినా "ఇంట్లో వున్నాడు కదా, వాడే నేర్చుకుంటాడు" అని వదిలెయ్యకండి. చెవి, కన్ను పరీక్ష చేయించి, పిల్లల వైద్యుడికి చూపించండి. బడిలో అయితే టీచరు కనిపెడుతుంది. ఇంట్లో ఆ కన్ను కూడా మనదే కావాలి.

చుట్టాలు పక్కాలు "ఏమ్మా, ఇంకా బళ్లో వెయ్యలేదా? మావాడు ఏ,బీ,సీలన్నీ చెప్పేస్తున్నాడు" అంటూనే వుంటారు. నవ్వి ఊరుకోండి. మీ పిల్లవాడు కథ పుస్తకం చూడగానే పరుగెత్తుకొచ్చి ఒళ్లో కూర్చుంటున్నాడా? "అమ్మా, ఎందుకు?" అని రోజుకు పదిసార్లు విసిగిస్తున్నాడా? అయితే మీరు ఎంచుకున్న పాఠ్యప్రణాళిక మంచిదే. పుస్తకం చూడగానే పారిపోతుంటే, అది ఎంత ఖరీదైనదైనా సరే, కొన్నాళ్లు అటక మీద పెట్టి బయటికి తీసుకుపోయి వాగు చూపించండి.

సెలవు.